నరాన్ని అంటిపెట్టుకున్న కణాలు



మన సరిహద్దు జిల్లాల్లో ఒక జబ్బుకు రెండు భాషల్లోనూ ఒకటే పేరు. తెలుగులో పెద్దరోగం అంటాం. తమిళంలో పెరునోయ్ అంటారు. పెరు అన్నా పెద్ద అన్నా ఒకటే. అసలు పేరు నోటితో పలకడానికి జంకి, జనం పెట్టుకున్న చాటుపేరు అయివుంటుందని నేననుకుంటాను. మన పుస్తకాల్లో కుష్ఠు అని రాస్తాం. తమిళ పుస్తకాల్లో ఇప్పుడు తొళునోయ్ అని రాస్తున్నారు. కన్నడంవారు కుష్ఠరోగ అంటారు. పేరు ఏదైనా, వినగానే మనిషి ఒక అడుగు వెనక్కి వేయడం మాత్రం అన్ని భాషల్లోనూ ఒకటిగానే వుండేది.

ఇది చర్మానికి వచ్చే జబ్బు అని చాలామంది అనుకుంటారు. మచ్చ కనబడేది చర్మం మీదే గనుక అలా అనుకోవడంలో వింతేమీ లేదు. కాని మనిషి చేతిని వంకర చేసేదీ, వేళ్ళను పోగొట్టేదీ చర్మం మీది మచ్చ కాదు. లోపల నరం చెడిపోవడం. నరంలో కూడా ముందుగా దెబ్బతినేది నరాన్ని చుట్టుకొని, అంటిపెట్టుకొని వుండే ఒక రకం కణం. ఆ కణం గ్లియా అనే పెద్ద కుటుంబానికి చెందినది. ఆ కుటుంబం చరిత్ర ఏమిటి, దానికీ జబ్బులకీ సంబంధం ఎలా బయటపడింది, వైద్యం ఎంతదాకా వచ్చింది అన్న సంగతులు ఈనాటి ప్రసంగంలో మనవి చేస్తాను. ఈ కథ బెర్లిన్‌లో మొదలై, మాడ్రిడ్ మీదుగా, మన కాట్పాడి దాకా వస్తుంది.

బడిపుస్తకంలో నాడీకణం బొమ్మ మీరందరూ చూసే వుంటారు. ఒక చివర కొమ్మలు కొమ్మలుగా తల, అక్కడినుంచి పొడుగ్గా సాగిన తోక. ఆ తోక మీద పూసలు గుచ్చినట్టు వరసగా తొడుగులు. ఆ తొడుగు దగ్గర ఒక గీత గీసి, చివర చిన్న అక్షరాలతో ష్వాన్ కణం అని రాసి వుంటుంది. పిల్లలు బొమ్మ గీసేటప్పుడు మార్కు పోకుండా ఆ పేరు రాస్తారు. ఆ కణం ఏం చేస్తుందని ఏ పిల్లవాడూ అడగడు. నిజం చెప్పాలంటే వంద సంవత్సరాల పాటు శాస్త్రజ్ఞుల్లో కూడా ఎక్కువమంది అడగలేదు.

థియోడోర్ ష్వాన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, జంతువుల శరీరమంతా కణాలతోనే నిర్మితమైందని 1839లో ప్రకటించారు. నరపు తీగల చుట్టూ వుండే కణాలను వర్ణించింది ఆయనే. అందుకే వాటికి ఆయన పేరు నిలిచింది. అవి చేతులు, కాళ్ళు, ముఖం వైపు పోయే నరాలలో వుంటాయి. మెదడులోనూ వెన్నుపాములోనూ వుండేవి వేరు. వాటికి పేరు పెట్టింది రుడోల్ఫ్ విర్షో అనే మరొక జర్మన్ వైద్యుడు. నాడీకణాల నడుమ ఏదో మెత్తటి పదార్థం నిండివుందని గమనించి, 1856లో దానికి న్యూరోగ్లియా అని పేరు పెట్టారు. 1858లో బెర్లిన్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు ప్రపంచ ప్రసిద్ధమయ్యాయి. వాటితోపాటు ఆ పేరూ దేశదేశాలకు పాకింది.

గ్లియా అంటే గ్రీకు భాషలో జిగురు. తుమ్మబంక లాంటి బంక అనుకోండి. నాడీకణాలు చెదిరిపోకుండా పట్టి వుంచే బంక అన్నమాట. పేరు పెట్టడంలో ఎంత చిక్కు వుందో చూడండి. ఒక వస్తువును బంక అన్నాక, దాని గురించి తెలుసుకోవడానికి ఎవరు జీవితం ధారపోస్తారు? విర్షో సామాన్యుడు కాదు. గ్లియాలో కూడా జబ్బు పుట్టవచ్చునని ఆయన ఆనాడే గుర్తించారు. కాని పాఠం మరచిపోయి పేరు మాత్రం గుర్తుపెట్టుకోవడం లోకానికి అలవాటే.

అప్పట్లో మరొక ఇబ్బంది కూడా వుంది. మెదడు ముక్కను సన్నగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే అంతా ఒకే బూడిదరంగు ముద్దలా కనబడేది. ఏ కొమ్మ ఏ కణానిదో తెలిసేది కాదు. 1873లో ఇటలీలో కమిల్లో గోల్గి అనే వైద్యుడు ఒక ఉపాయం కనిపెట్టారు. మెదడు ముక్కను పొటాసియం డైక్రోమేట్‌లో నానబెట్టి, తరవాత సిల్వర్ నైట్రేట్‌లో ముంచితే, ఎక్కడో ఒక్కొక్క కణం మాత్రం కొమ్మలతో సహా నల్లగా తేలి కనబడుతుంది. పసుపుపచ్చ కాగితం మీద నల్లసిరాతో చెట్టు గీసినట్టు వుంటుంది. ఆశ్చర్యమేమంటే అదే 1873లో నార్వే దేశం బెర్గెన్ పట్టణంలో గెర్హార్డ్ అర్మావర్ హాన్సెన్ అనే వైద్యుడు కుష్ఠు రోగుల శరీరంలోంచి తీసిన ముక్కల్లో కడ్డీల్లాంటి సూక్ష్మజీవులను చూశారు. అప్పటిదాకా అది వంశపారంపర్యంగా వస్తుందని, పాపఫలమని రకరకాలుగా చెప్పుకొనేవారు. ఈ రెండు సంగతులకూ పరస్పరం సంబంధం వుందని అప్పుడు గోల్గికీ తెలియదు, హాన్సెన్‌కీ తెలియదు.

గోల్గి ఉపాయాన్ని మెరుగుపరచి అద్భుతాలు చేసినవారు స్పెయిన్ దేశస్థుడు సాంటియాగో రమోన్ ఇ కహాల్. నాడీకణాలు ఒకదానికొకటి అతుక్కుపోయిన వల కాదు, దేనికది విడి కణం అని నిరూపించినవారు ఆయనే. 1906లో నోబెల్ బహుమతి ఈ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. గోల్గి తన నోబెల్ ఉపన్యాసంలోనే కహాల్ సిద్ధాంతాన్ని ఖండించారు. ఒకే వేదిక మీద బహుమతి పంచుకున్న ఇద్దరు ఒకరి మాట ఒకరు ఒప్పుకోకపోవడం అదొక ముచ్చట.

కహాల్ గ్లియాను కూడా వదిలిపెట్టలేదు. 1913లో బంగారు లవణంతో రంగు వేసే ఒక పద్ధతి కనిపెట్టి, నక్షత్రాల్లాంటి ఆకారం గల గ్లియా కణాలను స్పష్టంగా చూపించారు. వాటిని ఆస్ట్రోసైట్లు అంటారు. అయితే నాడీకణాలూ, ఈ నక్షత్ర కణాలూ కాక, కొమ్మలు లేనట్టు గుండ్రంగా కనబడే కణాలు ఇంకా కొన్ని మిగిలిపోయాయి. అవి ఏమిటో తేలక వాటిని మూడవ మూలకం అని పిలిచి పక్కన పెట్టారు. ఇక్కడే మన కథానాయకుడు ప్రవేశిస్తాడు.

ఆయన పేరు పీయో దెల్ రీయో ఓర్తేగా. 1882లో వయ్యదోలీద్ దగ్గర పోర్తీయో అనే పల్లెలో పుట్టారు. కొన్నాళ్ళు ఆ పల్లెలోనే వైద్యం చేశారు. సూక్ష్మదర్శిని మీద మనసు పడి మాడ్రిడ్ చేరి, నికొలాస్ అచూకర్రో అనే యువశాస్త్రజ్ఞుడి దగ్గర పని నేర్చుకున్నారు. ఈ అచూకర్రో మ్యూనిక్‌లో ఆల్‌జైమర్ దగ్గర శిక్షణ పొంది వచ్చినవాడు. మతిమరపు జబ్బుకు పేరుగా మిగిలిపోయిన ఆ ఆల్‌జైమర్ దగ్గరే. పాపం, అచూకర్రో ముప్పై ఏడేళ్ళకే, 1918లో కన్నుమూశాడు. ఓర్తేగా ఒంటరివాడయ్యాడు.

గురువుగారి పద్ధతినే కొద్దికొద్దిగా మారుస్తూ ఓర్తేగా సిల్వర్ కార్బొనేట్‌తో రంగు వేయడం మొదలుపెట్టారు. రసాయనం పాళ్ళు, వేడి, నానే సమయం, ఇవి ఒక్క పిసరు అటూ ఇటూ అయితే ఏమీ కనబడదు. వంటలో పాకం లాంటిదది, చెయ్యి తిరిగినవాడికే కుదురుతుంది. ఆయనకు కుదిరింది. కొమ్మలు లేవనుకున్న కణాలకు సన్నటి కొమ్మలు కనబడ్డాయి. అంతేకాదు, మూడవ మూలకం అన్నది ఒకటి కాదు, రెండని తేలింది. 1919లో మొదటిదానికి మైక్రోగ్లియా అని పేరు పెట్టారు. ఆరోగ్యంగా వున్న మెదడులో అవి కొమ్మలు చాచుకొని నిలకడగా వుంటాయి. మెదడుకు దెబ్బ తగిలినా, జబ్బు చేసినా, కొమ్మలు ముడుచుకొని గుండ్రమై, కదిలి వచ్చి, చచ్చిన కణాల శిథిలాలను మింగివేస్తాయి. మెదడులో కాపలా తిరిగే కణాలని చెప్పవచ్చు. ఇవి మెదడు కణాలతో పుట్టినవి కావనీ, బయటినుంచి వచ్చి చేరినవనీ కూడా ఆయన అన్నారు. 1921లో రెండోదానికి ఆలిగోడెండ్రోగ్లియా అని పేరు పెట్టారు. నాడీతంతువులకు మైలీన్ అనే కొవ్వు తొడుగును తొడిగేవి అవే.

ఇంత గొప్ప పని చేసిన శిష్యుణ్ణి గురుపీఠం మెచ్చుకున్నదా అంటే, లేదు. మూడవ మూలకం తన సొంత పొలం అనే భావం కహాల్‌కు వుండేది. ఓర్తేగా చూసిన కణాలు అంతకుముందే స్కాట్లండ్‌లో రాబర్ట్‌సన్ అనే ఆయన చూసినవేనని కహాల్ రాశారు. పైగా ప్రయోగశాలలో కొందరికి ఓర్తేగా అంటే గిట్టదు. అక్కడి జవాను మోసిన చాడీలు కూడా ఇందులో పని చేశాయని ఓర్తేగా తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు. మొత్తానికి 1920లో కహాల్ ఆయనను ప్రయోగశాల నుంచి వెళ్ళిపొమ్మన్నారు. ఈ ఘట్టంలో తప్పు పెద్దాయనదేనని నా అభిప్రాయం. కహాల్ అంతటి మహానుభావుడికి కూడా, తాను పదేళ్ళు చూసినచోట తనకు కనబడనిది మరొకరికి కనబడితే సహించడం కష్టమైంది. తరవాత ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు. కాని విరిగినది విరిగినదే.

ఓర్తేగా తన సరంజామా తీసుకొని మాడ్రిడ్‌లోనే రెసిదెన్సియా అనే విద్యార్థి వసతిగృహంలో చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు. కవి లోర్కా, చిత్రకారుడు డాలీ వున్న వసతిగృహం అదే. అక్కడికి 1924లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే యువ వైద్యుడు సముద్రాలు దాటి పని నేర్చుకోవడానికి వచ్చాడు. తరవాతి కాలంలో కెనడాలో మెదడు శస్త్రచికిత్సకు పేరుమోసిన పెన్‌ఫీల్డ్ ఆయనే. ఓర్తేగా చెప్పిన ఆలిగోడెండ్రోగ్లియా నిజమేనని అతను స్వయంగా చూసి ప్రకటించాక లోకం నమ్మింది. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చింది. ఓర్తేగా పారిస్, అక్కడినుంచి ఆక్స్‌ఫర్డ్, చివరకు బ్యూనస్ ఐరిస్ చేరారు. 1945లో ఆ పరాయిదేశంలోనే కన్నుమూశారు. నోబెల్ బహుమతికి ఆయన పేరు సూచించారే తప్ప, బహుమతి రాలేదు. మైక్రోగ్లియా బయటినుంచి వచ్చి చేరినవని ఆయన అన్న మాట చాలాకాలం వివాదంలోనే వుంది. పిండం తొలిరోజుల్లో పచ్చసొన సంచిలో పుట్టి అవి మెదడులోకి వలస వస్తాయని 2010లో ఎలుకల మీద పరిశోధన తేల్చింది. అంటే తొంభై ఏళ్ళకు ఆయన మాట నిలబడింది.

ఇక్కడ ఒక లెక్క సవరించాలి. మెదడులో నాడీకణం ఒకటికి పది గ్లియా కణాలున్నాయని చాలా పుస్తకాల్లో రాసి వుంటుంది. 2009లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు మెదడును ద్రవంగా మార్చి లెక్కించే పద్ధతి వుపయోగించి చూస్తే, నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు, మిగతావి కూడా ఇంచుమించు అన్నే అని తేలింది. పదింతలు కాకపోతే విలువ తగ్గిందని కాదు. లెక్క లెక్కే.

ఇక మన ప్రాంతానికి వద్దాం.

ష్వాన్ కణం పని చెప్పుకుందాం. మోచేతి వెనక ఎముకకు ఎప్పుడైనా దెబ్బ తగిలితే చిటికెనవేలిదాకా ఝుమ్మని పాకుతుంది కదా. ఆ నరం అక్కడ చర్మానికి అంత దగ్గరగా పోతుంది. అందులో వేలకొద్దీ సన్నని తంతువులుంటాయి. లావు తంతువులకు ఒక్కొక్క ష్వాన్ కణం ఒక్కొక్క ముక్కను చాపలాగా చుట్టి మైలీన్ తొడుగు వేస్తుంది. ఆ తొడుగు వుంటే కబురు సెకనుకు యాభై, అరవై మీటర్లు, ఇంకా ఎక్కువ వేగంతో కూడా పోతుంది. లేకపోతే ఒకటి రెండు మీటర్లే. వేడి, నొప్పి చెప్పే అతి సన్నని తంతువులను మాత్రం తొడుగు లేకుండా, తల్లి పిల్లలను కొంగులో పొదువుకున్నట్టు, ఒక్కొక్క ష్వాన్ కణం కొన్నింటిని కలిపి పొదువుకుంటుంది.

కుష్ఠు బాక్టీరియాకు ఈ కణమే ఇల్లు. మనిషి నరాల్లోకి ఇలా చొరబడి కాపురం పెట్టగల బాక్టీరియా ఇదొక్కటే. చల్లదనం దానికి ఇష్టం. అందుకే చర్మానికి దగ్గరగా పోయే నరాలనే ఎంచుకుంటుంది. మోచేయి, మణికట్టు, మోకాలి పక్క, చీలమండ, ముఖం. ఒకటి రెండుగా విడిపోవడానికి దానికి పన్నెండు పధ్నాలుగు రోజులు పడుతుంది. మామూలు బాక్టీరియాకు అరగంట చాలు. అందుకే జబ్బు బయటపడటానికి సుమారు అయిదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు కూడా పడుతుంది. ష్వాన్ కణం లోపల వున్నంతకాలం శరీరపు రక్షణ దళానికి దాని జాడ తెలియదు. తెలిసిన రోజున జరిగే యుద్ధంలో నరం వాచిపోతుంది. ఇరుకు సందులోంచి పోయే నరం వాస్తే నలిగిపోక ఏమవుతుంది?

మన తెలుగుదేశంలో దీని వైద్యానికి పేరుపడిన చోటు నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ అక్కడ ఆస్పత్రి ప్రారంభించారు. రాజా నర్సాగౌడ్ ధనసహాయం చేశారు. అప్పటి మందు ఒక గింజల నూనె. ఆ చెట్టును తెలుగులో అడవిబాదం అంటారు, తమిళంలో నీరడిముత్తు, సంస్కృతంలో తువరకం. ఆ నూనెను సూదిమందుగా ఎక్కించేవారు. నొప్పి భరించలేనిది, గుణం కొంత మాత్రమే. 1940ల్లో సల్ఫోన్ మందులు వచ్చాయి. 1946లో చెంగల్పట్టులోని ఆస్పత్రిలో డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ ఆ మందుల్లో మూలమందును వాడి చూశారు. అదే తరవాత డాప్సోన్ బిళ్ళగా దేశమంతటా వ్యాపించింది.

ఆ కాక్రేన్ పిలుపు మీదనే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడిగా వున్న డాక్టర్ పాల్ బ్రాండ్ 1947లో చెంగల్పట్టు వెళ్ళి చూశారు. గోళ్ళలాగా ముడుచుకుపోయిన చేతులు, అరిగిపోయిన వేళ్ళు. మాంసం కుళ్ళి రాలిపోతుందని వైద్యులు కూడా నమ్మేవారు. బ్రాండ్ నమ్మలేదు. ఒక్కొక్క గాయం ఎలా వచ్చిందని కూపీ లాగారు. పొయ్యిమీది గిన్నెను వట్టి చేత్తో దించినందువల్ల ఒకటి, మేకు పొడుచుకున్న చెప్పుతో రోజంతా నడిచినందువల్ల మరొకటి. కొందరికి రాత్రికి రాత్రే వేలు మాయమయ్యేది. కాపలా కాసి చూస్తే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయి. మనిషికి స్పర్శ లేదు గనుక మెలకువ రాదు. ఆ తరవాత ఇంటికి వెళ్ళే రోగుల వెంట పిల్లిని పంపేవారట. శతాబ్దాలుగా శాపం, పాపం అని చెప్పుకున్నదానికి జవాబు పిల్లిని పెంచుకోవడం దగ్గర తేలింది. నాకు ఈ విషయం చదివినప్పుడల్లా నవ్వు రాదు, గుండె బరువెక్కుతుంది. ఎన్ని లక్షలమందిని వూరి బయట పెట్టారు!

1948 నుంచి బ్రాండ్ వెల్లూరులో, బతికివున్న కండరం స్నాయువును మరో చోటికి మార్చి కుట్టి, ముడుచుకున్న వేళ్ళను మళ్ళీ పనిచేయించారు. 1955లో కాట్పాడి దగ్గర కరిగిరిలో కుష్ఠు పరిశోధన ఆస్పత్రి వెలసింది. చిత్తూరు జిల్లా సరిహద్దుకు అది కూతవేటు దూరం. అక్కడి రోగుల్లో, పనివారిలో తెలుగువారు ఎప్పుడూ వున్నారు. మెత్తటి రబ్బరుతో పాదాలకు పుండు పడకుండా చెప్పులు చేయించే పని కూడా ఇటువంటి చోట్లే వృద్ధి చెందింది. వెల్లూరులో పాథాలజీ ఆచార్యులైన డాక్టర్ సి.కె. జాబ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో రోగుల నరాలను పరీక్షించి, ష్వాన్ కణం లోపల కుష్ఠు బాక్టీరియాను చూపిస్తూ 1970లో పరిశోధన వ్యాసం ప్రకటించారు. బెర్లిన్‌లో మొదలైన కథ మన కాట్పాడి దాకా వస్తుందని చెప్పింది ఇందుకే.

బాక్టీరియా ఆ కణాన్నే ఎలా గుర్తుపడుతుంది? దీనికి జవాబు 1997, 98 సంవత్సరాల్లో అమెరికాలో అనూర రంబుక్కన బృందం ఇచ్చింది. ష్వాన్ కణం చుట్టూ లామినిన్ అనే ఒక ప్రత్యేక ప్రొటీను పొర వుంటుంది. బాక్టీరియా దాన్ని పట్టుకొని, కణం గోడలోని ఒక కొక్కేనికి తగులుకొని లోపలికి జారుతుంది. అదే శాస్త్రజ్ఞుడు తరవాత ఎడింబరోలో పనిచేస్తూ 2013లో మరీ విచిత్రమైన సంగతి చెప్పారు. ఎలుక ష్వాన్ కణాల్లోకి చేరిన బాక్టీరియా వాటిని తమ పని మరచిపోయేలా చేసి, ఏ కణంగానైనా మారగల మూలకణాల్లాగా వెనక్కి తిప్పుతుందట. అలా మారిన కణాలు వేరే చోటికి పోతే, వాటితోపాటు బాక్టీరియా కూడా పోతుంది. ఎక్కడానికి బండి దొరికినట్టే.

అయితే నరాన్ని చెరిచే అసలు దోషి ఎవరు? ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. బాక్టీరియా తాకిడికే మైలీన్ వూడిపోతుందని 2002లో ఒక పరిశోధన చెప్పింది. 2017లో మన దేశంలో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న లలితా రామకృష్ణన్ బృందం, ఒళ్ళు పారదర్శకంగా వుండే చిన్న చేపపిల్లల్లో ఆ ఘట్టాన్ని కళ్ళారా చూసింది. బాక్టీరియాను మింగిన రక్షక కణాలే నరం పక్కన చేరి, ఒక రకం విషవాయువు వంటి పదార్థాన్ని వదిలి, నరాన్ని పాడుచేస్తున్నాయని తేల్చింది. అంటే కాపలావాడే ఇంటికి నిప్పు పెట్టాడన్నమాట. నాకు ఈ రెండో వాదనే బలంగా కనబడుతుంది. మందు లేకపోయినా రోగికి స్పర్శ పోయే వేగం ఒక్కొక్కరిలో ఒక్కొక్క రకంగా వుండటానికి అది సరిపోతుంది.

మెదడులో కూడా ఈ కథే వేరువేరు రూపాల్లో నడుస్తుంది, క్లుప్తంగా చెబుతాను. 1868లో పారిస్‌లో షార్కో వర్ణించిన మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బులో ఆలిగోడెండ్రోసైట్లు వేసిన మైలీన్ మీద శరీర రక్షణ దళమే దాడి చేస్తుంది. ఆ దాడిని తగ్గించే మందులు 1993 నుంచి ఒక్కొక్కటే వచ్చాయి, అవి బాగానే పనిచేస్తున్నాయి. వూడిన తొడుగును తిరిగి వేయించే మందు మాత్రం ఇంకా చేతికి రాలేదు. క్లెమాస్టిన్ అనే పాత ఎలర్జీ మందుతో 2017లో కంటినరంలో కొద్దిపాటి మెరుగు కనబడింది, అంతే. గ్లియా కణాల నుంచి పుట్టే కంతుల్లో అతి క్రూరమైన గ్లియోబ్లాస్టోమాకు 2005లో రేడియేషన్‌తో కలిపి టెమొజొలొమైడ్ ఇస్తే, సగటు ఆయుర్దాయం పన్నెండు నెలల నుంచి పధ్నాలుగున్నర నెలలకు పెరిగింది. మోటార్ న్యూరాన్ జబ్బులో చచ్చేది నాడీకణమే అయినా, పక్కన ఆరోగ్యవంతమైన గ్లియా కణాలుంటే అది ఎక్కువకాలం బతుకుతుందని 2003లో ఎలుకల్లో చూపించారు. ఇక ఆల్‌జైమర్ జబ్బు. మైక్రోగ్లియాలో పనిచేసే ట్రెమ్-2 అనే జన్యువులో ఒక లోపం వుంటే ఆ జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువని 2013లో అచ్చయిన పరిశోధనలు చెప్పాయి. అయితే ఆ కణాలను వుత్సాహపరిస్తే జబ్బు తగ్గుతుందేమోనని చేసిన మందు ప్రయోగం 2024లో విఫలమైంది. పత్రికల్లో ఏదైనా ఒక అద్భుతమైన మందు వచ్చిందని చదివినప్పుడు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

కుష్ఠు విషయంలో మాత్రం మందు వుంది, అసలైన మందు. డాప్సోన్ ఒక్కటే వాడటం వల్ల బాక్టీరియా దానికి లొంగకుండా పోయింది. అందువల్ల 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వమని చెప్పింది. 1995 నుంచి ఈ మందులు ప్రపంచమంతటా ఉచితంగా దొరుకుతున్నాయి. ఆరు నెలలో, ఏడాదో వాడితే జబ్బు నయమవుతుంది. మొదటి మోతాదులతోనే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. 2005 డిసెంబరులో మన దేశం పదివేలమందికి ఒకరికన్నా తక్కువ అనే గీత దాటింది. దాన్ని నిర్మూలన అన్నారు. ఆ మాట నాకు నచ్చదు. ఎందుకంటే 2023లో కూడా దేశంలో లక్షకు పైగా కొత్త రోగులు నమోదయ్యారు. అది ప్రపంచంలో సగానికి పైన. చట్టాలు కూడా ఆలస్యంగానే కళ్ళు తెరిచాయి. రోగులను పట్టి వేరుగా వుంచడానికి తెల్లవారు చేసిన 1898 నాటి చట్టం 2016 దాకా పుస్తకంలో వుంది. కుష్ఠు వుందని విడాకులు కోరే అవకాశాన్ని 2019లో తొలగించారు.

అసలు చిక్కు ఇది. బిళ్ళలు బాక్టీరియాను చంపుతాయి. చచ్చిన బాక్టీరియా ముక్కలు నరంలో మిగిలే వుంటాయి. వాటి మీద శరీరం తిరగబడితే మందు తిన్న తరవాత కూడా నరం వాస్తుంది. చేతికి ఉన్నట్టుండి నొప్పి, పాదం ఈడ్చడం, కనురెప్ప మూతపడకపోవడం అప్పుడు మొదలవుతాయి. దీనికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. నరం దెబ్బతిన్న ఆరు నెలల లోపల మొదలుపెడితేనే అది గుణం ఇస్తుంది. ఇరవై వారాలు ఇవ్వాలా, ముప్పై రెండు వారాలు ఇవ్వాలా అని వందలమంది రోగులతో పరీక్షించి చూశారు. 2017లో ఫలితం అచ్చయింది. రెండింటికీ తేడా లేదు. అంటే ఎక్కువకాలం ఇచ్చినందువల్ల నరం అదనంగా కోలుకోలేదన్నమాట.

ష్వాన్ కణానికి ఒక గుణం వుంది, మెదడులోని తోటివాటికి లేని గుణం. నరం తెగినప్పుడు అది మైలీన్‌ను విడిచిపెట్టి, శిథిలాలను శుభ్రం చేసి, కొత్త తంతువు పెరగడానికి దారి వేసి నిలబడుతుంది. ఆ దారి వెంట తంతువు రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మోచేతి నుంచి చిటికెనవేలి దాకా లెక్క వేసుకోండి, ఏడాది దాటుతుంది. బాక్టీరియా ఆ కణాన్ని మూలకణంగా మార్చుకోవడానికి వాడుకునేది కూడా ఈ వెసులుబాటునే. కుష్ఠులో అది దారి వేసేలోపే చుట్టూ పీచు కట్టి గట్టిపడుతుంది. ఆ గట్టిపడటాన్ని ఆపి, కణం తన సహజమైన మరమ్మతు తాను చేసుకొనేటట్టు చేయడం ఎలాగన్నది ఇప్పుడు పరిశోధకుల ముందున్న పని. అది తేలేదాకా, మచ్చ మీద స్పర్శ వుందో లేదో దూదితోనూ సన్నని నైలాను దారంతోనూ చూడటం, మోచేతి వెనక నరం లావెక్కిందేమో వేలితో తడిమి చూడటం, ఈ రెండే ఆరోగ్య కార్యకర్త చేతిలో వున్న సాధనాలు. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో, సరిహద్దుకు ఇటైనా అటైనా, ఆ పరీక్షకు డబ్బు తీసుకోరు.